అద్దం మీద బోర్లా పెట్టిన ఫొటోలు

మా పెదబావ గుడివాడ బస్టాండు దగ్గర డీటీపీ సెంటర్ పెట్టిన కొత్తలో జనం ఆగి చూసింది కంప్యూటర్ని కాదు, స్కానర్ని. కంప్యూటర్లు అప్పటికే ట్రైనింగ్ సెంటర్ల అద్దాల తలుపుల వెనక కనిపిస్తూనే ఉండేవి. స్కానర్ మాత్రం కొత్త. మూత సరిగ్గా పడకపోతే సందులోంచి తెల్లటి వెలుగు బయటికొచ్చి గోడ మీద పాకేది. ఫొటో తెచ్చినవాళ్ళు ఆ వెలుగు వైపు వంగి చూసేవాళ్ళు, బావ "కళ్ళకి మంచిది కాదండీ" అని వెనక్కి జరిపేవాడు. నిజానికి కళ్ళకేమీ కాదు. జనం మీద పడుతుంటే ఆయనకి చిరాకు, అంతే.

అది 2000 సంవత్సరం. నేను డిగ్రీ మొదటి ఏడాది. సాయంత్రాలు షాపులో కూర్చునేవాణ్ణి. జీతం లేదు, షాపు మూసేటప్పుడు బావ ఇప్పించే మిరపకాయ బజ్జీలే జీతం. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు కొట్టడానికి వేరే కుర్రాడు ఉన్నాడు. స్కానర్ నాకు వచ్చింది, ఎందుకంటే అది ఓపిక పని, ఆ ఓపిక బావకి లేదు.

ఓపిక ఎందుకంటే, ఆ స్కానర్ పారలల్ పోర్టుకి, అంటే అప్పట్లో ప్రింటర్ వైరు పెట్టే చోటికి, తగిలించేది. కంప్యూటర్‌కి ఉన్నది ఒకటే పోర్టు కాబట్టి ప్రింటర్ వైరు స్కానర్ వీపులోంచి వెళ్ళేది. ప్రింటు వస్తున్నంతసేపూ స్కాన్ రాదు. ఈలోగా దీపం చల్లారిపోతుంది. మళ్ళీ నొక్కితే 'లాంప్ వేడెక్కుతోంది, ఆగండి' అని తెర మీద ఇంగ్లీషులో వచ్చేది. ఆగాలి. తర్వాత ప్రివ్యూ, అంటే ఒక్కసారి గబగబా చూసొచ్చి ఫొటో ఎక్కడుందో చెప్తుంది. దాని చుట్టూ చుక్కల పెట్టె గీసి, డీపీఐ ఎంతో, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పి, అసలు స్కాన్ నొక్కితే అప్పుడు మొదలవుతుంది ఆ మూలుగు. ఫొటో చిన్నదైనా, డీపీఐ పెంచితే దీపం ఆగి ఆగి నడిచేది. కంప్యూటర్ మింగలేక 'కాస్త ఉండు' అన్నప్పుడల్లా అది ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ ముందుకొచ్చేది.

బావకి తెలిసిన లెక్క ఒకటే, ఎక్కువ పెడితే బాగా వస్తుంది. నేను కాగితం మీద వేసి చూపించాను. ఏ4 కాగితాన్ని రంగుల్లో 300 డీపీఐలో తీస్తే సుమారు 26 ఎంబీ. 600 పెడితే రెట్టింపు కాదు, నాలుగింతలు, 104 ఎంబీ. మా మెషీన్‌లో ర్యామ్ 32. కస్టమర్ తీసుకెళ్ళే ఫ్లాపీలో పట్టేది 1.44. "మరి ఈ మెషీన్ అమ్మినవాడు 1200 వస్తుందన్నాడేంట్రా?" అన్నాడు బావ. వస్తుంది, కానీ అది వచ్చేలోపు కరెంటు పోతుంది. యూపీఎస్ అయిదు నిమిషాలు కూడా నిలబెట్టేది కాదు. ముప్పావు వంతు స్కాన్ అయ్యాక కరెంటు పోవడమంత ఒళ్ళుమండే విషయం ఆ రోజుల్లో నాకు ఇంకొకటి లేదు.

వచ్చే పనుల్లో సగం పెళ్ళి కార్డులు. ఎవరో చుట్టాల శుభలేఖ పట్టుకొచ్చి, "ఇందులో ఉన్న వినాయకుడే కావాలి, మొహం కళగా ఉంది" అనేవాళ్ళు. అచ్చు బొమ్మని దగ్గరగా చూస్తే అంతా చుక్కలే. ఆ చుక్కల వరసా స్కానర్ గీతల వరసా కలిసి వినాయకుడి బొజ్జ మీద గళ్ళచీర నేసినట్టు అలలు వచ్చేవి. డీస్క్రీన్ అని ఒక టిక్కు పెడితే అలలు పోయేవి, దాంతోపాటు తొండం మీద గీతలూ పోయేవి. చివరికి బొమ్మని నలుపు తెలుపు గీతల్లోకి మార్చి, నేనే మౌస్‌తో తొండం సరిచేసి ఇచ్చేవాణ్ణి. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆ ముహూర్తాలకి జరిగిన చాలా పెళ్ళిళ్ళకి ఒకటే వినాయకుడు, నేను గీసిన వంకర తొండంతో.

మిగతా సగంలో మార్కుల మెమోలు. 2000 రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న వైటూకే హడావిడి అయిపోయినా హైదరాబాదు అమీర్‌పేటలో కోర్సులు చేసి అమెరికా వెళ్ళే కుర్రాళ్ళ వరస తగ్గలేదు. టెన్త్ నుంచి అన్ని సర్టిఫికెట్లూ స్కాన్ చేసి మెయిల్ పెట్టాలి. డయలప్ మీద ఒక్కో మెమో ఎక్కుతుంటే అబ్బాయి తండ్రి కుర్చీ అంచున కూర్చుని, "వెళ్ళిందా బాబూ? అక్కడ ఎవరైనా తీసుకున్నారా?" అని అడిగేవాడు. స్కాన్ అయ్యాక ఒరిజినల్ చేతికిస్తే ముందూ వెనకా తిప్పి చూసుకునేవాళ్ళు, లోపల ఏమైనా తీసేసుకుందేమోనని. నవ్వు వచ్చేది గానీ, వాళ్ళ అనుమానంలో తప్పేముంది? ఆస్తి కాగితాలు కూడా అప్పుడప్పుడే కంప్యూటర్లలోకి వెళ్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ల శాఖ 1998లో 'కార్డ్' పేరుతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో దస్తావేజుల్ని స్కాన్ చేయడం మొదలుపెట్టింది. అంతకుముందు దస్తావేజుని గుమస్తా పుస్తకంలోకి చేత్తో తిరగరాసేవరకూ మన కాగితం వాళ్ళ దగ్గరే ఉండేది.

ఒక రిటైరైన తెలుగు మాస్టారు తను ఎప్పుడో అచ్చేయించిన శతకం తెచ్చారు. మళ్ళీ వేయించాలట. "స్కాన్ చేస్తే అక్షరాలన్నీ వచ్చేస్తాయిగా, మళ్ళీ టైపు ఖర్చు ఎందుకు?" అన్నారు.

"బొమ్మ వస్తుంది మాస్టారూ, అక్షరాలు రావు."

"బొమ్మలో ఉన్నవి అక్షరాలేగా?"

"మనకి అక్షరాలండీ. దానికి నల్ల చుక్కలు."

ఆయన నమ్మలేదు, వేరే షాపులో కూడా కనుక్కుని వచ్చారు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, మాస్టారి ఆశ అమాయకత్వం కాదని. ఇప్పుడు మనం చూసే ఫ్లాట్‌బెడ్ స్కానర్‌కి మూలం అక్షరాలు చదివే కోరికే. 1976లో అమెరికాలో రే కర్జ్‌వీల్ అనే ఆయన చూపులేనివాళ్ళ కోసం పుస్తకం చదివి వినిపించే యంత్రం తెచ్చాడు, దాని కోసం సీసీడీతో, అంటే వెలుగుని పట్టుకునే చిప్పుతో, పనిచేసే స్కానర్ తయారుచేశాడు. అయితే అది ఇంగ్లీషు. తెలుగు దగ్గరికొచ్చేసరికి గుణింతాలు, ఒత్తులు, ఒత్తుల కింద ఒత్తులు. ఈ రోజు ఫోన్ కూడా తెలుగు పేజీని అక్షరాలుగా మార్చేస్తోంది, పాత అచ్చయితే 'ప'కీ 'వ'కీ తేడా మర్చిపోతూ. మాస్టారి శతకాన్ని మాత్రం అప్పుడు టైపు కొట్టాల్సే వచ్చింది. ప్రూఫులు ఆయనే దిద్దుకున్నారు, మా కుర్రాడు వేసిన తప్పులతో పాటు తను పాతికేళ్ళ కింద రాసిన పద్యాల్లో గణభంగాలు కూడా.

ఇవి కాక, చనిపోయినవాళ్ళ ఫొటోలు. ఇవి వచ్చాయంటే బావ గొంతు తగ్గించేవాడు. పెదకర్మకి ఫ్రేము కట్టించాలి, మూడు రోజులే టైముంది, ఇంట్లో ఉన్నది ఒకటే ఫొటో. అది ఎవరి పెళ్ళిలోనో తీసిన గ్రూపు ఫొటో అయి ఉండేది, లేకపోతే రేషన్ కార్డు కోసం కుటుంబమంతా నిలబడి దిగింది. ఆడవాళ్ళకయితే మరీ కష్టం. జీవితం మొత్తంలో ఒంటరిగా ఒక్క ఫొటో కూడా దిగనివాళ్ళు బోలెడుమంది. ఓటరు కార్డు పట్టుకొచ్చేవాళ్ళు. దాని మీద బొమ్మ తపాలా బిళ్ళంత కూడా ఉండేది కాదు, పైన హాలోగ్రామ్ ఒకటి. స్కానర్ దీపం ఆ హాలోగ్రామ్ మీద పడి మొహం సగం మెరిసిపోయేది.

గ్రూపు ఫొటోలోంచి ఒక్కరిని వేరు చేయడమంటే చుట్టూ కత్తిరించడం కాదు. మనవాళ్ళు ఫొటోకి నిలబడితే ఒకరి మీద ఒకరు చేతులు వేస్తారు. ప్రతి భుజం మీదా ఎవరిదో ఒక చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి తీసేయాలి. ఫొటోషాప్‌లో రబ్బర్ స్టాంప్ అని ఉండేది. పక్కనున్న చొక్కా గుడ్డని తీసి చెయ్యి మీద అద్దుకుంటూ పోవాలి. గుడ్డ సరిపోకపోతే రెండో భుజాన్ని కాపీ చేసి, అద్దంలో లాగా తిప్పి అతికించాలి. అలా అతికించినవాళ్ళకి జేబులు రెండు వైపులా వచ్చేవి, ఒక జేబు మళ్ళీ చెరపాలి. వెనక గోడ, గోడ మీద క్యాలెండరు, నులకమంచం, ఎవరో పసిపిల్ల పావడా అంచు, అన్నీ పోయి లేత నీలం. కావాలంటే చుట్టూ గులాబీలు. నేను తీసేసిన చేతులన్నీ ఒకచోట పోగేస్తే ఊరందరివీ ఉంటాయి.

ఇంటివాళ్ళకి అదే కావాలి. తెర మీద ఒక్కో వేలూ మాయమవుతుంటే వెనక నిలబడి చూసేవాళ్ళు. అప్పుడే కథలు వచ్చేవి. ఈ చెయ్యి మా చిన్నాన్నది, ఆయనకీ మా నాన్నకీ గట్టు తగాదా వచ్చి పదిహేనేళ్ళు మాటల్లేవు, ఇదుగో ఈ పెళ్ళిలోనే కలిశారు అని చెప్తూనే, "తీసేయ్ బాబూ, తీసేయ్" అనేవాళ్ళు.

షాపు 2006 దాకా నడిచింది. తర్వాత బావ ఆ గదిలోనే సెల్‌ఫోన్ రీచార్జి కౌంటర్ పెట్టాడు. స్కానర్ ఎటు పోయిందో ఎవరికీ గుర్తులేదు.

సొంత స్కానర్ నేను కొనుక్కున్నది ఉద్యోగంలో స్థిరపడ్డాక. యూఎస్‌బీ వైరు ఒక్కటి చాలు, కరెంటు ప్లగ్గు కూడా అక్కర్లేని పల్చటి కానన్ లైడ్. దీపం వేడెక్కడాలు లేవు. కాగితాలకి బంగారం. ఫొటోల దగ్గరే తేడా తెలిసింది. వీటిలో పాతవాటిలా అద్దాలూ పెద్ద లెన్సూ ఉండవు, సెన్సర్ నేరుగా గాజుకి ఆనుకుని నడుస్తుంది, కాబట్టి గాజుకి అంటుకున్నదే స్పష్టంగా చూస్తుంది. కాస్త ఎత్తులో ఉంటే మసక. అట్టకి అంటించి ఒంపు తిరిగిన పాత స్టూడియో ఫొటోలకి ఇది పనికిరాదు. వాటి కోసం పాతరకం సీసీడీ స్కానర్ ఒకటి, బరువుది, సెకండ్ హ్యాండ్‌లో వెతికి పట్టుకున్నాను. ఫ్రేము అద్దానికి చెమ్మకి అంటుకుపోయిన ఫొటోలుంటాయి కదా, పీకితే మొహం అద్దానికే ఉండిపోతుంది. అలాంటివాటిని అద్దంతో సహా బోర్లించినా ఇది పట్టుకుంటుంది.

మా అమ్మ వాళ్ళది పామర్రు దగ్గర ఊరు. పెదమామయ్య ఇంట్లో ఇనప్పెట్టె ఉంది, అందులో తాతయ్య నాటి దస్తావేజులు. మామయ్యలు ముగ్గురికీ తలో కాపీ కావాలని, జిరాక్సులకి ఆ కాగితాలు తట్టుకోవని, నన్ను స్కానర్ పట్టుకుని రమ్మన్నారు. మామయ్య మనవడు "ఫోన్‌తో కొట్టేయొచ్చు కదా" అన్నాడు. కొట్టేయొచ్చు. కరెంటు బిల్లుకి ఫోన్ చాలు. నాలుగు మడతల దగ్గర చిరిగి, పైనుంచి చూస్తే గుట్టలూ లోయల్లా ఉన్న స్టాంపు కాగితానికి చాలదు. దాన్ని మూత కింద అదిమి ఉంచేది ఏదైనా కావాలి.

స్టాంపు కాగితం ఏ4 కంటే పొడవు. పై సగం ఒకసారి, కింది సగం ఒకసారి తీసి, మధ్యలో నాలుగు లైన్లు రెండిట్లోనూ వచ్చేలా చూసుకుని తర్వాత అతికించాలి. కాగితం పల్చనై వెనక రాత ముందుకి కనపడుతుంటే పైన నల్ల అట్ట పెట్టాలి, మూతకుండే తెలుపు వల్లే ఆ రాత కనపడేది. రంగుల్లోనే తీయాలి, నలుపు తెలుపైనా సరే. ఎందుకంటే సంతకం మీద ఊదారంగు ముద్ర పడి ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్ళని విడివిడిగా తెరిచి చూస్తే ఏదో ఒకదాంట్లో ముద్ర వెలిసిపోయి కింది సిరా పైకి తేలుతుంది. అలా తేలిన కరణంగారి గొలుసుకట్టు రాతని మామయ్య గడగడా చదివేశాడు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా ఆ రాత చదవగలగడమే ఊళ్ళో ఒక అధికారం అన్నాడు.

ఆ కాగితాల మధ్య ఒక ఖాకీ కవరు. అందులో తాతయ్య ఫొటో.

తాతయ్య ఫొటో అంటే మాకు తెలిసింది హాల్లో గోడ మీద ఉన్నదే. ఒక్కడే నిలబడి ఉంటాడు. కుడి చెయ్యి ఎడమ చేతికంటే కొంచెం పొట్టి. చిన్నప్పుడు మేం పిల్లలందరం తాతయ్యకి పుట్టుకతోనే అంతేమో అనుకునేవాళ్ళం, అమ్మమ్మని అడిగితే "మీ తలకాయ" అనేది తప్ప చెప్పేది కాదు. కవరులో ఉన్నది అదే ఫొటో, పూర్తిగా. తాతయ్య పక్కన ఇంకొకాయన, కాస్త పొడుగ్గా, కండువాతో. తాతయ్య కుడి చెయ్యి ఆయన భుజం మీద ఉంది. తాతయ్య పోయాక గోడ ఫొటో చేసింది బందరులో ఒక స్టూడియో ఆర్టిస్టు. కంప్యూటర్లు రాకముందు ఈ పని కుంచెతో చేసేవాళ్ళు. పక్కాయన్ని చెరిపేసి, చాచిన చేతిని కిందికి వేలాడేలా గీశాడు. కొలత కాస్త తప్పాడు.

వెనక వైపు కూడా స్కాన్ చేయడం నాకు అలవాటు. ఫొటోల వీపు చదవకుండా ఆల్బంలో పెట్టేవాళ్ళంటే నాకు ఇప్పటికీ కోపం. సిరాతో రాసి ఉంది, 'కృష్ణా పుష్కరాలు, బెజవాడ, 1968'.

"మా బాబాయి," అన్నాడు మామయ్య. తాతయ్య తోడల్లుడు, అమ్మమ్మ చెల్లెలి మొగుడు. ఊరు దివిసీమలో, కోడూరు వైపు. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఆయనా, చిన్నమ్మమ్మా, ఇద్దరు మగపిల్లలూ పోయారు. బందరులో బంధువుల ఇంట్లో ఉండి చదువుకుంటున్న కూతురు మిగిలింది. ఆవిడ నాకు పిన్ని. దివిసీమలో ఇలాంటి ఇళ్ళు ఎన్నో. మనుషులు పోయిన ఇంట్లోనే పెట్టెలూ పోయాయి, పెట్టెల్లో ఫొటోలూ పోయాయి. బయట ఊళ్ళ చుట్టాల దగ్గర ఏదైనా కాపీ ఉంటేనే ఉన్నట్టు. పిన్ని పెళ్ళికి కూడా పీటల వెనక గోడ మీద తల్లిదండ్రుల ఫొటో లేదని అమ్మ ఎప్పుడో అనగా విన్నాను.

"మరి ఇది మీ దగ్గరున్నట్టు పిన్నికి చెప్పలేదా మామయ్యా?"

"ఉందని నాకు తెలిస్తే కదరా. నాన్న పోయినప్పుడు ఆర్టిస్టు దగ్గర్నుంచి తెచ్చి అమ్మ ఎక్కడో దాచింది."

ఆ ఫొటోని 1200లో తీశాను. నీడల దగ్గర వెండి పైకి తేలి నీలంగా మెరుస్తోంది, పాత నలుపు తెలుపు ఫొటోలకి వయసు మీదపడితే వచ్చే మెరుపది. స్కానర్ వెలుగుకి ఆ చోట్లు పాలిపోయినట్టు వస్తాయి. ఫొటోని అడ్డంగా తిప్పి పెడితే వెలుగు వేరే కోణంలో పడి కొంత తగ్గింది. ఆయన కళ్ళ కింద ముడతలు, కండువా అంచు నేత, ఎడమ చేతికి కట్టుకున్న గడియారంలో ముళ్ళు కూడా వచ్చాయి. పదకొండూ పది. పుష్కర స్నానం చేసి, టిఫిన్ తిని, స్టూడియోకి వచ్చుంటారు. వెనక తెర మీద మెట్లూ స్తంభాలూ ఉన్న ఏదో రాజభవనం. దాని ముందు ఇద్దరూ చెప్పుల్లేకుండా నిలబడ్డారు.

ఈ లోకంలో కంప్యూటర్ స్కాన్ చేసిన తొలి ఫొటో కూడా ఇంటి ఫొటోయే. 1957లో అమెరికాలో రసెల్ కిర్ష్ అనే ఇంజనీరు మూడు నెలల తన కొడుకు బొమ్మని ఎక్కించాడు, అటు 176 చుక్కలు, ఇటు 176. యంత్రం కనిపెట్టినవాడు కూడా ముందు ఇంట్లోవాళ్ళనే వెతుక్కున్నాడన్నమాట.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నలిపేస్తుందని డాక్యుమెంటుగా పంపాను. పిన్నికి దాన్ని తెరవడం రాలేదు, సాయంత్రం వాళ్ళమ్మాయి ఆఫీసు నుంచి వచ్చాక తెరిచిందట. రాత్రి ఫోన్ చేసింది. ఏడుస్తుందని భయపడుతూ ఎత్తాను. ఏడవలేదు.

"నాన్న పెదనాన్న కంటే పొడుగా? నేను పొట్టి అనుకుంటున్నానురా ఇన్నాళ్ళూ."

కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక అసలు సంగతికి వచ్చింది. "నాన్నని ఒక్కణ్ణీ వేరుగా చేసిస్తావా? పెద్ద ఫ్రేము కట్టించుకుంటాను. పెదనాన్న చెయ్యి కనపడకూడదు మరి."

చేశాను. మా తాతయ్య చేతిని నేనే తీశాను. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ఒక గీత గీస్తే చెయ్యి దానంతటదే మాయం చేస్తున్నాయి గానీ, కండువా ఒక భుజం మీదే ఉంది కాబట్టి అది రెండో భుజం మీద కూడా కండువా మొలిపించింది. పాత పద్ధతిలోనే, చొక్కా గుడ్డ అద్దుకుంటూ రావాల్సి వచ్చింది. రెండు రాత్రులు పట్టింది. వెనక రాజభవనం ఉంచుదామన్నాను, పిన్ని వద్దంది. లేత నీలం కావాలంది. ఇద్దరూ ఉన్న అసలు ఫైలు, వీపు వైపుతో సహా, వేరే ఫోల్డర్‌లో అలాగే ఉంచి ఆవిడకీ ఇచ్చాను.

ప్రింటుకి ఇవ్వబోతుంటే మళ్ళీ ఫోను. "కండువా అంచు ఎర్రది. ఆ ఒక్కదానికీ రంగు వెయ్యి, మిగతాదంతా నలుపు తెలుపే ఉండనీ."

"ఏ ఎరుపు పిన్నీ?"

"కనకాంబరం కాదు. దానికంటే ముదురు. మరీ కుంకుమ కాదు."

ఒకటి వేసి పంపితే ఇది కాదంది. ఇంకొంచెం ముదురు చేస్తే ఇది అమ్మ చీర అంచు రంగు, నాన్న కండువాది కాదంది. వాళ్ళమ్మాయి వెనక నుంచి "అమ్మా, ఏదో ఒకటి ఒప్పుకోవే" అంటోంది. నిన్న పంపింది ఫోన్‌లో బాగానే ఉందిగానీ కంప్యూటర్‌లో కాషాయంలా కనిపిస్తోందట. ఆదివారం బందరు వచ్చి పక్కన కూర్చుని వెయ్యమంటోంది.